గ్రెనడా చర్చిలో నేను చెప్పిన సాక్ష్యం

పిస్కాటవే, అమెరికా నుంచి,
శనివారం ఉదయం.

ప్రియమైన విమలక్కకు,

నీ చెల్లెలు ప్రసన్న ప్రభువు పేరున వందనాలు చెప్పి రాస్తున్నది. దేవుడి దయవల్ల ఇక్కడ నేను, మీ మరిదిగారు, హన్నా ముగ్గురం కులాసా. అక్కడ నువ్వు, బావగారు, మేడ మీద అద్దెకుంటున్న నర్సింగు కాలేజీ అమ్మాయిలు అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దని చెప్పు. ఆయన వినరనుకో, అయినా చెప్పు. మొన్న వీడియోలో నువ్వు కాస్త చిక్కినట్టు అనిపించింది. ఆ అమ్మాయిలందరికీ దోసెలు పోసి చివరికి నువ్వు తినడం మరిచిపోతున్నావేమో. నా గురించి మాత్రం కంగారు పడకు. నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, చలికోటు వేసుకునే బయటికి వెళ్తున్నాను.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతావు. ఫోన్లో అయితే నా గొంతు కాస్త వణకగానే నువ్వు సముదాయించడం మొదలుపెడతావు. ఈసారి నాకు అది వద్దు. నేను చేసిన పని మొదటినుంచి చివరిదాకా నువ్వు చదవాలి, చదివాక తిట్టాలనిపిస్తే తిట్టాలి. మా చర్చిలో పాటలు పాడే సుజాతగారు వచ్చే వారం కాకినాడ వస్తున్నారు. ఆవిడ చేతికి ఈ ఉత్తరం, బావగారికి మోకాలి పట్టీ, నీకు విటమిన్ మాత్రలు ఇస్తున్నాను. తిరుగు ప్రయాణంలో ఆవిడతో వెల్లుల్లికారం, వీలైతే పెద్దక్షరాల పాటల పుస్తకం పంపు. చిన్నక్షరాలు ఇప్పుడు నాకూ ఆనడం లేదు.

నా ఉద్యోగం ఏమిటో నీకు తెలుసు కదా. ఇక్కడి కాలేజీ పిల్లలు కొన్ని నెలలు వేరే దేశంలో ఉండి చదువుకొస్తారు. దాన్నే స్టడీ అబ్రాడ్ అంటారు. వాళ్ళ టికెట్లు, ఇన్సూరెన్సు, బస చూసే ఆఫీసు మాది. పిల్లల అమ్మలు ఫోన్ చేసి మా వాడికి వేరుశెనగ పడదు, మా అమ్మాయికి బల్లులంటే భయం అని చెప్తూంటారు. ఏ దేశమైనా అమ్మలు అమ్మలే అనుకుని అన్నీ రాసుకుంటాను.

మేం పిల్లల్ని పంపే చోట్లలో గ్రెనడా ఒకటి. కరీబియన్ సముద్రంలో చిన్న దీవి. మ్యాపులో దాని పేరు నేల మీద పట్టక సముద్రంలో రాస్తారు. ఈ ఎండాకాలంలో మా పై అధికారి లిండా నన్ను గదిలోకి పిలిచి, గ్రెనడా ప్రోగ్రామ్ చరిత్ర ఒక చిన్న పుస్తకంగా వేస్తున్నాం, నువ్వే రాయాలి అంది. నేను ఉబ్బిపోయాను. కూర్చున్నాక మిగతాది చెప్పింది. ఆ ప్రోగ్రామ్ ఆపేస్తున్నారట. చేరే పిల్లలు తగ్గిపోయారు, అందరికీ యూరప్ కావాలి. అక్కడ పిల్లల్ని ఇళ్ళలో ఉంచుకునే కుటుంబాలకు డీన్ సంతకంతో ఒక ఉత్తరం, దాంతోపాటు నా పుస్తకం, వీడ్కోలు కానుకగా పోస్టులో వెళ్తాయి. "అప్పటిదాకా నువ్వు ఒక్క మాట కూడా బయటపెట్టకూడదు ప్రసన్నా. ఇది అఫీషియల్‌గా వెళ్ళాలి" అంది. సరేనన్నాను. ఉద్యోగం కదా.

అక్కా, ఆ చరిత్ర ఎంత ముచ్చటగా ఉందో. నేనింకా చంటిపిల్లనో, పుట్టనే లేదో. ఆ దీవిలో గొడవలేవో సద్దుమణిగిన కొత్తలో, మా కాలేజీలో పగడాల గురించి పాఠం చెప్పే ఒక ప్రొఫెసరు కొంతమంది పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళాడట. మాట్లాడి పెట్టుకున్న బస తీరా వెళ్ళాక లేదన్నారు. సామాన్లతో రోడ్డు మీద నిలబడ్డారు. అది ఆదివారం, ఎదురుగా చర్చి. సంగతి విన్న పాస్టరుగారు ప్రసంగం ఆపి, ఈ పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారని అడిగారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి, తలా ఇద్దర్ని వెంటబెట్టుకుని ఇళ్ళకు తీసుకెళ్ళి అన్నం పెట్టారు. మా కాలేజీ ఇప్పటికీ తన కరపత్రాల్లో గొప్పగా రాసుకునే ఏర్పాటు ఇదే.

తర్వాత పగడాలకు తోడు చరిత్ర పాఠాలు వచ్చాయి, నర్సింగు వచ్చింది, సంగీతం వచ్చింది. చేప వాసన పడదని ముక్కు మూసుకున్న ఒక కుర్రాడు వెళ్ళేటప్పుడు పులుసు చేయడం నేర్చుకుని వెళ్ళాడు. ఒకమ్మాయి తిరిగొచ్చి, అక్కడ వేడినీళ్ళు లేవు, కోళ్ళు నిద్రపోనివ్వవు అని కాలేజీ పత్రికలో రాసింది. ఆ ముక్క కత్తిరించి ఎవరో పంపితే, ఆ అమ్మాయిని ఉంచుకున్నావిడ దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకుంది. కొత్త పిల్లలెవరొచ్చినా ముందు అది చదివించి, "తెలిసిందిగా, ఇక లోపలికి రండి" అంటుంది. పెద్ద తుఫానులో ఇళ్ళ కప్పులు, జాజికాయ చెట్లు అన్నీ లేచిపోయినప్పుడు కాలేజీ పిల్లల్ని పంపనంది. అంతకుముందు వెళ్ళొచ్చిన వాళ్ళు సెలవులు పెట్టుకుని, సొంతంగా వెళ్ళి, ఎవరింట్లో తిన్నవాళ్ళు ఆ ఇంటికి కప్పు వేశారు. ఇవన్నీ వింటూ, రాస్తూ నేను ఆఫీసులోనే కళ్ళు తుడుచుకున్నాను.

ఫ్రిజ్ మీద అంటించుకున్నావిడ పేరు వెర్నా. అందరూ టాంటీ వెర్నా అంటారు. టాంటీ అంటే మన పిన్నో అత్తో అనుకో. పోయిన నెలలో ఫోటోలు, పాత సంగతులు సేకరించడానికి నన్ను ఆ దీవికి పంపితే, ఆవిడ ఇంట్లోనే, మేడ మీద పిల్లలుండే గదిలోనే దిగాను. భర్త పోయాడు, కొడుకులు ఇంగ్లండులో ఉన్నారు. పెరట్లో కాసిని జాజికాయలు, మేడ మీద ఆ గది, ఇదీ ఆవిడ బతుకుతెరువు. మొదటిరోజే సీమపనసకాయ, చేమాకు, ఉప్పుచేప కొబ్బరిపాలలో ఉడికించి పెట్టింది. నేను సంచిలో ఉన్న వెల్లుల్లికారం కాస్త చల్లుకుంటే, రుచి చూసి, సీసా మూత పెట్టి తన అలమారలో దాచుకుంది. నన్ను అడగనైనా లేదు. అక్కడున్న వారం నేను ఒంటరిగా ఉన్నాననిపించలేదక్కా. ఇక్కడ ఎన్నేళ్ళున్నా ఆ మాట అనలేను.

ఇక నేను చేసింది చెప్తాను.

ఆదివారం ఆరాధనకు వెళ్ళాం. మొదట్లో ఆ పిల్లల్ని ఆదుకున్న చర్చే. మధ్యలో పాస్టరుగారు, అమెరికా నుంచి మన సహోదరి వచ్చింది, రెండు మాటలు చెప్తుంది అన్నారు. మన సంఘంలో పైఊరి వాళ్ళు వస్తే ఏం చేస్తారో నీకు తెలుసు. లేచి నిలబడి, మా సంఘం తరఫున వందనాలు అని మొదలుపెట్టి, దేవుడు చేసిన మేలులు చెప్పి, చివర్లో ఒక ప్రార్థన మనవి చేసి కూర్చోవాలి. డాక్టర్లు చేతులెత్తేసిన మనిషి గురించైనా సరే, దీర్ఘాయుష్షు కోసం ప్రార్థించండి అనే అంటాం తప్ప ఇంకోలా అనం కదా. నేనూ అలాగే చేశాను. వందనాలు చెప్పాను. ఆ ప్రొఫెసరు సంగతి, కప్పులు వేసిన పిల్లల సంగతి చెప్పాను. చివర్లో, "ఈ కార్యక్రమం ఇంకా ఎన్నో ఏళ్ళు సాగాలని, మా పిల్లలు ఎప్పటికీ మీ ఇళ్ళకు రావాలని ప్రార్థించండి" అన్నాను.

అది మనకు మనవి, వాళ్ళకు కబురు. కాలేజీ పంపిన మనిషి కాలేజీ తరఫున లేచి నిలబడి, ఇంకా ఎన్నో ఏళ్ళు అంది. చర్చి మొత్తం ఆమేన్ అంది. చప్పట్లు, డప్పులు, పాట. టాంటీ వెర్నా నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. అప్పుడే నాకు అర్థమైంది, వాళ్ళు దీన్ని ఎలా తీసుకున్నారో. ఇంకోసారి లేచి, అది నా ప్రార్థన మాత్రమే, కాలేజీ మాట కాదు అంటే సరిపోయేది. అనలేదు. నిజం చెప్తున్నానక్కా, ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. ఇక్కడ మీటింగుల్లో నేను ఏం చెప్పినా, సారీ, ఇంకోసారి చెప్తారా అంటారు. అక్కడ ఒక్కసారి చెప్తేనే అందరూ ఆమేన్ అన్నారు. ఆ రుచికి నోరు మూసుకుని కూర్చున్నాను.

తిరిగొచ్చాక టాంటీ వాట్సాప్‌లో ఫోటోలు పెట్టడం మొదలుపెట్టింది. గదికి లేత పసుపు రంగు వేయించింది. కిటికీలకు కొత్త తెరలు. "జనవరిలో నీ పిల్లలొచ్చేసరికి సిద్ధం" అని కింద రాసింది. నేను ప్రతిసారీ చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. సిగ్గులేని వేళ్ళు.

మొన్న బుధవారం ఫోన్ చేసింది. కొండ మీది క్లినిక్‌కి కొత్తగా ఒక నర్సు వచ్చిందట, ఆ గది అద్దెకు అడిగిందట, ఏడాది పొడుగునా ఉంటానందట. "పిల్లలొస్తారు, కుదరదని చెప్పాను. పాపం, మీ మనసు మారుతుందేమో ఆదివారం దాకా చూస్తానని వెళ్ళింది" అని నవ్వుతూ చెప్పింది. నేను "ఓహో" అన్నాను. ఓహో అని ఫోన్ పెట్టేశాను. మేడ మీద గది ఖాళీగా పడి ఉంటే ఇల్లు ఎలా గడుస్తుందో నీకు నేను చెప్పాలా? అందుకే ఈ సంగతి ఇంకెవరికీ కాక నీకు రాస్తున్నాను. నీకే కోపం రావాలి.

మీ మరిదిగారితో చెప్తే ఆయన లాప్‌టాప్ మూయకుండానే, "నువ్వెందుకు మధ్యలో వెళ్ళడం? డీన్ లెటర్ పంపుతాడుగా. నువ్వు ముందే కాల్ చేసి లీక్ చేశావని తెలిస్తే జాబ్ రిస్క్. అసలే నీ ఈఏడీ రెన్యూవల్ పెండింగ్‌లో ఉంది. కొంచెం ప్రాక్టికల్‌గా ఆలోచించు" అన్నారు. ఆయన చెడ్డవారు కారు, నీకు తెలుసు. ఈఏడీ అంటే నేనిక్కడ ఉద్యోగం చేసుకోవడానికిచ్చే పర్మిట్, దాని గురించి ఆయనకు భయం. పక్కనే పాలల్లో సీరియల్ కలుపుకుని తింటున్న హన్నా మాత్రం, "మమ్మీ, నువ్వు ఆ ఆంటీకి లై చెప్పావా?" అంది. "లేదమ్మా, ప్రేయర్ రిక్వెస్ట్ చెప్పాను" అన్నాను. "బట్ నీకు తెలుసు కదా" అని మళ్ళీ తినసాగింది.

పుస్తకం సోమవారం అచ్చుకు వెళ్తుంది. అంతా రాశాను, చివరి పేజీ తప్ప. "ఇరుపక్షాల అంగీకారంతో ముగిసింది" అని రాయమంది లిండా. ఏ రెండు పక్షాలక్కా? ఒక పక్షానికి సంగతే తెలియదు. వాళ్ళు గదులకు రంగులేసుకుని కూర్చున్నారు.

బయట ఆకులన్నీ ఎర్రబడ్డాయి. అందరూ కార్లేసుకుని చూడటానికి వెళ్తున్నారు. మమ్మల్నీ రమ్మన్నారు కానీ నాకు మనసు లేక రానన్నాను. నీకు ఇంతదాకా రాశాక ఇక ఆగడం నావల్ల కాదు. రేపటిదాకా ఆ నర్సు చూస్తానంది కదా, ఇంకా వేళ మించిపోలేదు. కలం ఇక్కడ పెట్టి టాంటీకి ఫోన్ చేస్తున్నాను.

ఆదివారం సాయంత్రం.

చేశాను.

నర్సు ఆగలేదక్కా. శుక్రవారమే పోస్టాఫీసు పక్కింట్లో దిగిపోయిందట. నేను బుధవారమే, ఓహో అనడానికి బదులు నిజం చెప్పి ఉంటే ఆ గది నిండేది. దీనికి ఇంకొకరెవరూ బాధ్యులు కారు.

టాంటీకి మొత్తం చెప్పాను. వెనక కోళ్ళ అరుపులు వినిపిస్తున్నాయి. అంతా విని, "చర్చిలో నిలబడి ఆ మాట అన్నప్పుడు ప్రోగ్రామ్ ఆగిపోతుందని నీకు తెలుసా?" అంది.

"తెలుసు" అన్నాను. మన అలవాటు గురించి, ప్రార్థన మనవి గురించి చెప్పబోయాను. నోట్లోకి వచ్చింది కూడా. మింగేశాను.

"నా ఒక్కదానికి చెప్తే చాలదు. అందరి ముందూ లేచి చెప్పావు. రేపు అందరి ముందూ చెప్పు" అంది. ఏడవలేదు, అరవలేదు. అరిచినా బాగుండేది.

మా తెలుగు ఆరాధన ఇక్కడ ఒక హాలు అద్దెకు తీసుకుని మధ్యాహ్నం పెట్టుకుంటాం కాబట్టి పొద్దున ఖాళీయే. టాంటీ చర్చి నుంచి వీడియో కాల్ చేసింది. పాస్టరుగారు ఫోన్‌ని మైకు దగ్గర పట్టుకున్నారు. నేను వంటింట్లోనే లేచి నిలబడ్డాను. ఎందుకో తల మీద కొంగు కప్పుకుందామని చూస్తే చుడీదార్‌లో ఉన్నాను, చున్నీ కప్పుకున్నాను. మీ మరిదిగారు గుమ్మంలో నిలబడి, వద్దనలేదు, ఊఁ అనలేదు. వందనాలతో మొదలుపెట్టలేదక్కా. ఆ పని చేయడానికి నాకు నోరు రాలేదు. "ప్రోగ్రామ్ ఆగిపోయింది. అక్కడికి వచ్చినప్పుడే నాకు తెలుసు. తెలిసీ మీతో అలా అన్నాను. మీరు చప్పట్లు కొడుతుంటే ఆపలేదు. జనవరిలో పిల్లలు రారు. నన్ను క్షమించండి" అన్నాను.

ఎవరూ ఆమేన్ అనలేదు. ముందు వరసలో ఉన్న ఒక ముసలావిడ, మొట్టమొదట ఆ పిల్లల కోసం లేచి నిలబడ్డవాళ్ళలో ఇంకా బతికున్నది ఆవిడే, మెల్లగా అడిగింది. "మేం పిల్లలకు సరిగా పెట్టలేదా అమ్మా?"

అక్కా, ఆ ఒక్క ప్రశ్నకు నేను సిద్ధపడలేదు. కోప్పడతారనుకున్నాను, కాలేజీని తిడతారనుకున్నాను. వాళ్ళు తమ వంటలో తప్పేముందా అని వెతుక్కున్నారు. "లేదమ్మా, మీ అంత బాగా ఎవరూ పెట్టలేదు" అన్నాను. "మరి మాతో ముందే ఎందుకు చెప్పలేదు?" అంది. ముందే చెప్పాల్సింది అమ్మా అన్నాను.

లిండాకి కూడా ఈమెయిల్ పెట్టాను, నేనేం చేశానో దాచకుండా. మంగళవారం మాట్లాడదాం అని ఒక్క లైను వచ్చింది. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. చివరి పేజీ రాసి పంపేశాను. కుటుంబాలను అడగకుండానే కాలేజీ ఈ నిర్ణయం తీసుకుందని రాశాను. అచ్చులో ఉంచుతారో తీసేస్తారో వాళ్ళిష్టం. మీ మరిదిగారు నిన్నంతా మాట్లాడలేదు కానీ ఇవాళ మధ్యాహ్నం ఆరాధనకు వెళ్తూ కార్లో, "చూద్దాంలే, ఏదో ఒకటి అవుతుంది" అన్నారు. కాబట్టి మా గురించి నువ్వు బెంగపెట్టుకోకు. ఉద్యోగం పోయినా ఇక్కడ మాకు తిండికి లోటు లేదు. ఆ మాట రాస్తుంటే కూడా తప్పు చేసినట్టే ఉంది, అక్కడ ఒకావిడ గది ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాక.

బావగారికి నా వందనాలు చెప్పు. పాస్టరమ్మగారికి, పక్కింటి సుగుణత్తకు అడిగానని చెప్పు. మేడ మీద అమ్మాయిలకు నా ముద్దులు. వాళ్ళు ఖాళీ చేసే సంగతి నీకు ముందే చెప్పమను. హన్నా నీకు రాస్తానని కూర్చుని తెలుగులో తన పేరు ఒక్కటే రాసి లేచిపోయింది. ఆ కాగితం కూడా లోపల పెట్టాను.

ఇందాక చర్చి అయ్యాక టాంటీ మళ్ళీ ఫోన్ చేసిన సంగతి నీకు రాయలేదు. రాయకుండా కవరు అంటించబోయి ఆగాను. ఆవిడ నమస్కారం, పలకరింపు ఏమీ లేకుండా, "నీ మీద నాకు చాలా కోపంగా ఉంది ప్రసన్నా" అంది. అవును టాంటీ అన్నాను. "వచ్చే శనివారానికి కూడా తగ్గదు. ఆ పై శనివారానికీ తగ్గకపోవచ్చు. అయినా ప్రతి శనివారం నువ్వు ఫోన్ చెయ్యాలి. కోప్పడుతుందని మానేశావంటే, నువ్వూ ఆ కాలేజీలాంటి దానివే" అని పెట్టేసింది.

చేస్తాను అక్కా. ఏం మాట్లాడాలో తెలియదు, అయినా చేస్తాను. ఆ ధైర్యం నాకు ఉండేలా నీ ప్రార్థనలో నన్ను తలుచుకో. నీ కాళ్ళకు మొక్కి సెలవు తీసుకుంటున్నాను.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
ప్రసన్న